మతిమరపు వ్యాధి : ఇంటివారి భారము, ఊరివారి ధర్మము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



గ్రంథాలయమునకు 25 ఏండ్లు నిండుట ఊరికి పండుగ. ఇట్టి పండుగనాడు పుస్తకములను గూర్చియు, విద్యావ్యాప్తిని గూర్చియు ప్రసంగించుట ఆచారము. కాని 25 ఏండ్లు గడచినది గ్రంథాలయమునకు మాత్రమే కాదు. దాని పాఠకులకు కూడ గడచినవి. తలుపులు తెరచిన తొలినాట 50 ఏండ్ల వయస్సున చందా కట్టినవారు నేడు 75 ఏండ్ల పెద్దలు. వారిలో కొందరు నేటికిని ఉదయమున వార్తాపత్రిక చదువుటకు వచ్చుచున్నారు. కొందరు మానివేసిరి. మానినవారిలో కాళ్ళు సహకరింపనివారు గలరు. చూపు తగ్గినవారు గలరు. కాళ్ళును చూపును బాగుగనే యుండియు, గ్రంథాలయమునకు దారి ఏదో జ్ఞాపకము లేనివారు కూడ ఉందురు. ఈ ప్రసంగము ఆ కడపటివారిని గూర్చియు, వారిని రేయింబవళ్ళు కనిపెట్టుకొని యుండు ఇంటివారిని గూర్చియు ఉద్దేశింపబడినది.

వయస్సు పైబడినపుడు కొంత మరపు సహజము. కండ్లజోడు ఎక్కడ పెట్టినదియు మరచుట, ఎరిగినవాని పేరు నోటికి రాక కొంతసేపటికి తట్టుట, ఇవి వ్యాధి లక్షణములు కావు. పాలవానికి ఉదయమున డబ్బు ఇచ్చి, ఇచ్చితినన్న స్మరణయే లేక మధ్యాహ్నమున మరల ఇచ్చుట, 40 ఏండ్లు తిరిగిన వీధిలో తన ఇల్లు తెలియక నిలిచిపోవుట, అడిగిన ప్రశ్ననే గడియకు పదిమార్లు అడుగుట, చిన్ననాటి సంగతులు పూసగ్రుచ్చినట్లు చెప్పుచు, ప్రొద్దున భోజనము చేసినదియు లేనిదియు చెప్పలేకపోవుట, ఇవి ఆలోచింపవలసిన గుర్తులు. చదివిన పుస్తకమును తెచ్చి యిచ్చి, అది చదివినట్లే తెలియక దానినే మరల అడుగు పాఠకుని తొలుత గుర్తింపగలవాడు ఒక్కొక్కప్పుడు వైద్యుడు కాడు, గ్రంథాలయమున పుస్తకములిచ్చువాడు.

ఈ స్థితికి వైద్యులు డిమెన్షియా అని పేరిడిరి. ఇది ఒక్క వ్యాధి కాదు. మెదడును క్రమముగా క్షీణింపజేయు పలు వ్యాధులకు ఉమ్మడి పేరు. వానిలో అధికభాగము, అనగా నూటికి 60 మొదలు 70 వరకు, ఆల్జీమర్ వ్యాధియే. మెదడునకు రక్తము చక్కగా అందకపోవుటవలనను, పక్షవాతము వచ్చిపోవుటవలనను కలుగునది మరియొక తెగ. 1901లో జర్మనీ దేశమునందలి ఫ్రాంక్‌ఫర్టు నగరములో 51 ఏండ్ల స్త్రీ నొకతెను ఆసుపత్రిలో చేర్చిరి. ఆమె మరపునకు లోనయినది; అంతకుముందే భర్తపై నిష్కారణమైన అనుమానము పెంచుకొన్నది. ఆమెను పరీక్షించిన వైద్యుడు ఆలోయిస్ ఆల్జీమర్. 1906లో ఆమె మరణించిన పిమ్మట ఆయన ఆమె మెదడును సూక్ష్మదర్శినితో శోధించి, అందలి మార్పులను ఆ సంవత్సరము నవంబరు మాసమున ట్యూబింగెన్ నగరములో జరిగిన వైద్యుల సభలో వివరించెను. 1910లో క్రేపెలిన్ అను వైద్యాచార్యుడు తన గ్రంథమున ఆ వ్యాధికి ఆల్జీమర్ పేరు పెట్టెను. ఆమె మరపునకు, ఆమె అనుమానమునకు కూడ కారణము మెదడునందే యున్నదని నాడు తేలినది. ఈ ఒక్క విషయము తెలిసినంతమాత్రమున ఎన్నియో ఇండ్లలో కలహములు సగము తగ్గును.

ఇది పరదేశపు వ్యాధి యని తలచుట పొరపాటు. మన దేశమున 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 7.4 వంతున, అనగా ఇంచుమించు 88 లక్షలమంది ఈ వ్యాధితో నున్నారని 2023లో ప్రకటింపబడిన ఒక జాతీయ పరిశోధన అంచనా వేసినది. పురుషులకంటె స్త్రీలలోను, పట్టణములకంటె పల్లెలలోను ఇది హెచ్చుగా నున్నదని కూడ ఆ పరిశోధన తెల్పుచున్నది. ఆ లెక్క ప్రకారము 60 దాటినవారు 400 మంది గల ఊరిలో 30 మంది వరకు ఉండవచ్చును. అంతమంది ఉండియు ఊరికి కనబడకుండుటకు కారణమేమి? కొందరు దానిని పెద్దతనపు చాదస్తమని త్రోసివేయుదురు. కొందరు గాలి సోకినదనియో, ఎవరో చేయించిరనియో తలచి, తాయెత్తులకు ధనము వెచ్చింతురు. ఇంట పెండ్లికెదిగిన పిల్లలున్నచో, ఆ ఇంట మతి చలించినవారున్నారన్న మాట సంబంధములకు అడ్డు వచ్చునని దాచువారు కొందరు. ఈ విధముగా రోగి లోపలి గదిలోను, రోగిని చూచుకొనువారు వంటయింటిలోను మరుగుపడిపోవుచున్నారు.

గోదావరి డెల్టాలో ఈ విషయమునకు ఒక ప్రత్యేకత కలదు. 1847లో ఆరంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్టవలన కాలువలు వచ్చినవి. కాలువలవలన పంటయు, పంటవలన బడియు, బడివలన ఉద్యోగమును వచ్చినవి. ఉద్యోగము పిల్లలను హైదరాబాదునకు, బెంగుళూరునకు, అమెరికాకు కొనిపోయినది. చదువు అబ్బని ఇండ్లనుండి, కోనసీమయందును పశ్చిమ గోదావరియందును, వేలమంది స్త్రీలు ఇంటిపనికై కువైతు మొదలగు గల్ఫు దేశములకు పోయిరి. అక్కడ పరుల పిల్లలను, పరుల పెద్దలను సాకుచుండగా, ఇక్కడ తమ తల్లిని సాకువారు కరవైరి. పెద్దయింట ఇద్దరే మిగులుదురు. అందు ఒకరికి మతి తప్పినచో, రెండవవారు కూడ వృద్ధులే. నెలనెల సొమ్ము వచ్చును. కాని రాత్రి రెండు గంటలకు లేచి వీధి గుమ్మము వైపు నడచు మనిషిని పట్టుకొనుటకు చేతులు కావలెను, సొమ్ము చాలదు.

పిల్లలు ఊరిలోనే యున్న ఇండ్లలో ఆ చేతులు సాధారణముగా కోడలివి, కూతురివి, భార్యవి. ప్రపంచమంతట ఇట్టి రోగులకు జరుగు సేవలో, గంటల లెక్కన, నూటికి 70 వంతులు స్త్రీలే చేయుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెల్పినది. ఆమె దినచర్యను ఒక్కమారు ఊహింపవలెను. స్నానము చేయనని మొరాయించు అత్తగారిని బుజ్జగించి స్నానము చేయించును. కట్టిన చీరను విప్పి పారవేసినచో మరల కట్టును. అన్నము తినిపించి చేయి కడుగులోపల ఆమె వీధి అరుగుపైకి వచ్చి, దారిన పోవు వారితో, “మా కోడలు రెండ్రోజుల్నుంచీ అన్నం పెట్టలేదమ్మా” అని కన్నీరు పెట్టుకొనును. విన్నవారు అయ్యో యందురు. ఆ మాట చెరువుగట్టునకు, రేవునకు, గుడి మండపమునకు ప్రాకును. సాయంకాలమునకు ఊరంతయు తీర్పు చెప్పియుండును. ఆ తీర్పు కోడలి చెవి కూడ సోకును. మరునాటి ఉదయమున ఆమె మరల అదే అన్నము కలిపి పెట్టవలెను.

రోగి అబద్ధమాడలేదు. తినినట్లు ఆమెకు జ్ఞాపకము లేదు. కావున తినలేదనియే ఆమె నమ్మినది. కోడలును తప్పు చేయలేదు. ఈ ఇరువురి నడుమ తప్పు చేసినది ఊరే. సంగతి తెలియక తీర్పు చెప్పినది. వ్యాధిని మాన్పుట ఊరి చేతిలో లేదు. కాని ఈ రెండవ గాయమును తగులకుండ చేయుట ఊరి చేతిలోనే యున్నది. ఈ ప్రసంగమున చెప్పదలచిన ముఖ్యవిషయము ఇదియే.

ఇట్టిదే మరియొకటి నగల సంగతి. ముసలమ్మగారు తన గొలుసును ఎవరైన తీసికొందురేమోయని భయపడి బియ్యపు డబ్బాలో దాచును. దాచినట్లు మరచును. మెడను తడిమి చూచుకొని గొలుసు లేకపోవుటచే, దొంగ ఎవరని వెదకును. ఇంట ఎల్లప్పుడు ఎదుట కనబడునది ఎవరో, నింద వారిపైననే పడును. కావుననే ఎక్కువ సేవ చేయువారికే ఎక్కువ నింద వచ్చుచున్నది. అపుడు “నేను తీయలేదు, మీరే ఎక్కడో పెట్టుకొన్నారు” అని వాదించుటవలన ప్రయోజనము లేదు. తర్కమునకు ఆధారమైన జ్ఞాపకమే పోయినపుడు తర్కము ఎవరితో చేయుట? “అయ్యో, గొలుసు కనబడలేదా అత్తయ్యగారూ, ఇద్దరం కలిసి వెదుకుదాం పదండి” అనినచో, వెదకుటలో ఆమె భయము తీరును. దాచుచోట్లు నాలుగైదే యుండును. అవి ఇంటివారు కనిపెట్టి యుంచుకొనవలెను. విలువగల నగలను ముందే భద్రపరచి, మామూలు గొలుసు నొకదానిని మెడలో నుంచుట వివేకము.

దీపాలవేళకు కొందరికి కలత హెచ్చును. “మా యింటికి పోతాను, పొద్దుపోయింది” అని మూట కట్టుకొని బయలుదేరుదురు. తాము కట్టించిన యింటిలోనే కూర్చుండి ఇంటికి పోవుదుననుట వినువారికి నవ్వు పుట్టించును. కొందరికి కోపము పుట్టించును. ఆమె అడుగు ఇల్లు 60 ఏండ్ల క్రిందటి పుట్టినిల్లు. అందు తల్లి యున్నది, భయము లేదు. ఆమె కోరునది ఆ నిర్భయత. “మీ అమ్మ పోయి 30 ఏండ్లయినది” అని చెప్పినచో ఆమెకు ఆ మరణవార్త క్రొత్తగా తగులును. మరునాడు మరల చెప్పినచో మరల క్రొత్తగా తగులును. అట్లు దినదినము తల్లిచావు చెప్పుట క్రూరము. అబద్ధము చెప్పవలసిన పని కూడ లేదు. “మీ అమ్మగారు ఏం వండేవారు? మీ ఊళ్ళో రేవు ఎటువైపుండేది?” అని అడిగినచో మాట ఆ యింటిలోనికి పోవును, కాలు గడప దాటదు. సంజ పడకముందే దీపము పెట్టుట, ఆ సమయమున ఇంట గోల లేకుండ చూచుట కూడ మేలు చేయును.

వృద్ధాప్యము రెండవ బాల్యమని లోకమున ఒక మాట కలదు. సానుభూతితో అనినను ఈ వ్యాధి విషయమున ఆ మాట మేలుకంటె కీడే చేయుచున్నది. బాలుడు నేడు రానిది రేపు నేర్చును. రోగి నేడు వచ్చినది రేపు మరచును. కావున నేర్పబోవుటయు, నేర్వలేదని కోపించుటయు వ్యర్థము. మరియు బాలునికి గతము లేదు. ఈ పెద్దమనిషి సంసారము ఈదినవాడు, పది ఎకరముల సేద్యము చేయించినవాడు, పంచాయితీలో మాట చెల్లినవాడు. ఆయనకు పేరు జ్ఞాపకము లేకపోవచ్చును. అవమానము మాత్రము తెలియును. ఎదుటివారు ఏమనిరో మరచును. ఆ మాటవలన కలిగిన బాధ చాలసేపు నిలుచును. కావున ఆయన ఎదుటనే ఆయనను గూర్చి “ఈయనకేమీ తెలియదండీ” అని అతిథులతో చెప్పరాదు. “మీరు”, “అండి” అను మాటలు తుదిదినము వరకు ఆయనకు చెల్లవలెను.

మరచిన వానిని లెక్కించుటకంటె మిగిలిన వానిని వెదకుట మేలు. జరిగిన సంగతుల జ్ఞాపకము వేరు, చేతి అలవాటు జ్ఞాపకము వేరు అని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. మొదటిది ముందు పోవును. రెండవది చాలకాలము నిలుచును. మనుమరాలి పేరు మరచిన నరసాపురపు అవ్వ చేతికి దారమును, లేసు అల్లు సూదియు ఇచ్చినచో వ్రేళ్ళు తమంతట తాము కదలవచ్చును. కోనసీమ రైతు చేతికి కొబ్బరిపీచు ఇచ్చినచో తాడు పేనవచ్చును. కడియపు తోటలలో పనిచేసిన ఆమె పూలు కట్టవచ్చును. చింతపండు గింజలు తీయుట, వత్తులు చేయుట, చిక్కుడుకాయలు ఒలుచుట, ఇవి పనులు మాత్రమే కావు. “ఇంకను నా వలన ఇంటికి అక్కర యున్నది” అను ధైర్యము. పాట కూడ అట్లే. మాట తడబడువారు చిన్ననాడు నేర్చిన కీర్తనను, లాలిపాటను చరణము తప్పకుండ పాడుట పెక్కు ఇండ్లలో కనిపించును. పని వంకరగా వచ్చినను, పాట శ్రుతి తప్పినను దిద్దవలదు.

మరపుగా తోచునదంతయు మాన్పరాని వ్యాధియని తీర్మానించుకొని ఇంట కూర్చుండుట కూడదు. థైరాయిడ్ గ్రంథి మందగించుట, బి-12 విటమిను లోపించుట, తీవ్రమైన దిగులు, కొన్ని మందుల ప్రభావము, క్రిందపడినపుడు తలలో రక్తము పేరుకొనుట, వీనివలన కూడ మతి మందగించును. వీనికి చికిత్స కలదు. నిన్నటివరకు బాగుగనున్న మనిషి ఒకటి రెండు దినములలో తికమకపడినచో అది జ్వరమో, మూత్రకోశమునందలి దోషమో, పక్షవాతమో కావచ్చును. వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి వంటి పెద్ద ఆసుపత్రులలో నరముల వైద్యులును, మానసిక వైద్యులును కలరు. తెలుగువారి భాషకు, అలవాట్లకు అనుగుణమైన జ్ఞాపకశక్తి పరీక్షలను భారత వైద్య పరిశోధనా మండలి సిద్ధపరచినది. ఆల్జీమర్ వ్యాధిని నిర్మూలించు మందు నేటికిని లేదు. లక్షణములను కొంతకాలము ఉపశమింపజేయు మందులు కలవు. పూర్తిగా మాన్పుదుమని చెప్పి ధనము గుంజువారిని నమ్మరాదు.

కొంతవరకు నివారణకు కూడ మార్గము కలదు. రక్తపుపోటు, మధుమేహము, పొగత్రాగుట, మద్యము, వ్యాయామము లేమి, చదువు లేమి, ఒంటరితనము, చెవుడు, చూపు మందగించుట మొదలగు 14 కారణములను తొలగించుకొనినచో, ఈ వ్యాధులలో నూటికి 45 వంతుల వరకు రాకుండ చేయుటకో, ఆలస్యము చేయుటకో వీలున్నదని 2024లో లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన సంఘము తేల్చినది. తెలుగుదేశమున జరిగిన మరియొక పరిశోధన గ్రంథాలయమువారికి ఆసక్తి కలిగించును. హైదరాబాదునందలి నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ అల్లాడి సువర్ణ గారును, వారి సహచరులును 648 మంది రోగులను పరిశీలించి, 2013లో ఫలితములను ప్రకటించిరి. ఒకే భాష మాటలాడువారికంటె రెండు మూడు భాషలు మాటలాడువారికి వ్యాధి సగటున నాలుగున్నర ఏండ్లు ఆలస్యముగా వచ్చినది. అక్షరము రానివారిలో కూడ ఈ భేదము కనబడినది. భాషలు వచ్చినవారికి వ్యాధి రాదని దీని భావము కాదు. పని కల్పింపబడిన మెదడు కొంతకాలము ఎదురొడ్డి నిలువగలదని మాత్రమే. చదువును, సంభాషణమును, నలుగురిలో కలియుటయు వినోదములు మాత్రమే కావని గ్రహింపవలెను.

కాలువలు గల సీమలో ఒక హెచ్చరిక అవసరము. ఇల్లు వదలి పోవుట ఈ వ్యాధిలో తరచు జరుగును. డెల్టాలో వీధి దాటినచో కాలువ, పెరడు దాటినచో చెరువు. వీధి తలుపునకు, పెరటి తలుపునకు రోగి చూపునకు అందని ఎత్తున గడియ యుండవలెను. తలుపు తెరచినపుడు మ్రోగు చిన్న గంట కట్టినను మంచిదే. పేరు, ఊరు, ఇంటివారి ఫోను సంఖ్య వ్రాసిన బిళ్ళను మెడలోనో చేతికో కట్టవలెను. 2015లో గోదావరి పుష్కరములకు వచ్చినంతటి జనసమ్మర్దములో ఇట్టివారు చేయి విడిపోయినచో కనుగొనుట కష్టము. 2027 పుష్కరముల తలంపు గలవారు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను. గ్యాసుపొయ్యి, పురుగుమందుల సీసాలు, కరెంటు మోటారు మీట రోగికి అందుబాటున ఉండరాదు. కాలువగట్టుపై ఒంటరిగా దిక్కులు చూచుచు నిలిచిన పెద్దవారు కనబడినచో దారినపోవువారు ఆగి, పేరుపెట్టి పలుకరించి, ఇంటికి చేర్చవలెను.

ఇక సేవ చేయువారి సంగతి. రోగికి వైద్యుడు కలడు. ఆమెకు ఎవరు కలరు? నిద్ర లేదు, పుట్టింటికి పోవుట లేదు, పెండ్లికి పేరంటమునకు పోవుట లేదు. ఒకనాడు విసిగి కేకవేయును; పిదప ఏకాంతమున ఏడ్చును. ప్రాణముతోనున్న మనిషిని కొంచెము కొంచెముగా పోగొట్టుకొనుచున్న దుఃఖమది. మరణమునకు పరామర్శించువారు కలరు గాని, ఈ దుఃఖమునకు పరామర్శ లేదు. విసుగు కలుగుట పాపము కాదు, అలసటకు గుర్తు. ఆ అలసటను మితిమీరనిచ్చినచో ఇంట రోగులు ఇద్దరగుదురు. కావున వారమునకు ఒక పూటయైనను ఆమెకు విడుదల కావలెను. అన్నదమ్ములు సొమ్ముతోపాటు దినములను కూడ పంచుకొనవలెను.

దూరదేశమునందున్న బిడ్డలకు ఒక మాట. ఫోనులో ఐదు నిమిషములు అమ్మ చక్కగా మాటలాడును. “తిన్నావా నాయనా, పిల్లలు బాగున్నారా” అను మాటలు జన్మతో వచ్చిన అలవాటు. అవి వ్యాధి ముదిరినను నోట వచ్చును. అది విని, “అమ్మ బాగానే ఉంది, వదినే ఎక్కువ చేసి చెబుతోంది” అని తలచుట అన్యాయము. సెలవునకు వచ్చినపుడు ఒక వారము ఆ గదిలో పండుకొని, రాత్రులు తామే లేచి చూచినచో సత్యము తెలియును. తల్లిదండ్రులను పోషింపవలసిన బాధ్యతను 2007 సంవత్సరపు చట్టము బిడ్డలపై నుంచినది. పోషణము రాబట్టుటకు మార్గము చూపినది. కాని రాత్రి మేలుకొనుటను ఏ చట్టమును ఒకరిచే చేయింపలేదు. ఇంట చూచుకొనుట అసాధ్యమై, మంచి ఆశ్రమమున చేర్చినవారిని నిందించుట కూడ తగదు; చేర్చి మరచుట మాత్రమే తప్పు.

ఇందు గ్రంథాలయమునకు ఏమి పని యని కొందరికి తోచవచ్చును. గ్రంథాలయోద్యమ పితామహులైన అయ్యంకి వెంకటరమణయ్య గారు ఈ గోదావరి మండలపు కొంకుదురులో జన్మించినవారు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసిన నాటినుండి ఆ పెద్దల సిద్ధాంతమొక్కటే: పాఠకుడు రాలేనిచో పుస్తకమే పాఠకుని యొద్దకు పోవలెను. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువపై పడవలో గ్రంథాలయమును నడిపినది ఆ సిద్ధాంతముచేతనే. నేడు గడప దాటలేని పాఠకులు ఊరిలో ఉన్నారు. ఒకరు మరపుచే రాలేరు. మరియొకరు ఆ మొదటివారిని విడిచి రాలేరు.

కావున రజతోత్సవ సందర్భమున గ్రంథాలయము నాలుగు పనులకు పూనుకొనుట ఉచితము. మొదటిది: వ్యాధిని గూర్చి తెలుగున వ్రాయబడిన మంచి పుస్తకములను, కరపత్రములను ఒక అరలో నుంచి, ప్రతి సంవత్సరము ప్రపంచ ఆల్జీమర్ దినమైన సెప్టెంబరు 21న వైద్యుని పిలిపించి ఊరివారికి చెప్పించుట. రెండవది: సేవ చేయువారు నెలకొకమారు ఈ మందిరమున కలిసికొనుటకు ఒక మధ్యాహ్నమును కేటాయించుట. తన యింటి సంగతియే మరియొకరి నోట విన్నపుడు సగము భారము దిగును. మూడవది: ఇష్టముగల యువతీయువకులు వారమునకు ఒక గంట అట్టి యింటికి పోయి, పెద్దవారికి పత్రికయో, భారత రామాయణ కథలో చదివి వినిపించుట. వారికి కథ నిలువకపోవచ్చును, తోడు నిలుచును. ఆ గంటసేపు ఇంటి ఇల్లాలు కన్ను మూయవచ్చును, గుడికి పోయి రావచ్చును. నాలుగవది: రెండు ఫోను సంఖ్యలను గోడపై పెద్ద అక్షరములతో వ్రాయుట. మనోవ్యథకు సలహానిచ్చు టెలి-మానస్ 14416. వృద్ధుల సహాయమునకు ఎల్డర్‌లైన్ 14567. రెండింటికిని రుసుము లేదు.

ఐదవ పని ఒకటి కలదు. దానికి గ్రంథాలయ తీర్మానముతోను, చందాతోను పనిలేదు. అరుగుపై కూర్చున్న ముసలమ్మగారు కోడలు అన్నము పెట్టలేదని కన్నీరు పెట్టుకొనినపుడు, వినినవారు ఆ మాటను రేవునకు మోయక, ఆమె ప్రక్కన కొంతసేపు కూర్చుండవలెను. పిదప లోపలికి పోయి, “నువ్వు తిన్నావా అమ్మాయీ?” అని ఆ కోడలిని అడుగవలెను.

స్వస్తి.